ఇరవై ఏళ్ల ప్రాంతీయ రవాణా ప్రణాళికను జనంతో కలిసి తయారు చేయడం ఎలా?

హైదరాబాద్ చుట్టూ ఉన్న 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు ప్రధాన మార్గం మీదికి ద్విచక్ర వాహనాలనూ ఆటోలనూ రానివ్వరు. గంటకు వంద కిలోమీటర్ల వేగంతో కార్లు, లారీలు నడిచే రోడ్డు కాబట్టి ఆ నిషేధంలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. అయితే దానికి ఇరువైపులా ఉన్న ఊళ్లలో పనికి వెళ్లేవారిలో చాలామందికి ఉన్నది ఒక బైకు, అదీ లేకపోతే షేర్ ఆటోలో ఒక సీటు. వాళ్లు ఏ దారిన, ఎంతసేపట్లో, ఎంత ఖర్చుతో వెళ్లాలన్న ప్రశ్న రోడ్డు గీసే కాగితం మీదే ఉండాలి. రోడ్డు పూర్తయ్యాక అడిగితే జవాబు చెప్పడానికి స్థలమూ మిగలదు, డబ్బూ మిగలదు.

ప్రాంతీయ రవాణా ప్రణాళికలో న్యాయం ఉందా లేదా అన్నది రెండు చోట్ల తేలిపోతుంది: మొదట్లో జనం రాకపోకలను రాసుకునే సర్వే ఫారంలోనూ, చివర్లో జనం చెప్పిన మాటకు జవాబు రాసే రిజిస్టరులోనూ. మధ్యలో వచ్చే మ్యాపులు, కంప్యూటర్ మోడళ్లు, రంగురంగుల నివేదికలు ఈ రెండింటినీ మించి న్యాయంగా ఉండలేవు. అందువల్ల ఈ వ్యాసంలో ఆ రెండింటికే ఎక్కువ చోటు ఇస్తున్నాను. ప్రణాళిక తయారుచేసే ఇంజినీర్లు, పట్టణ ప్రణాళికాధికారులు, కన్సల్టెంట్లతో పాటు, ముసాయిదా వచ్చినప్పుడు దాన్ని చదివి మాట్లాడవలసిన కాలనీ సంఘాలు, బస్తీ సంఘాలు, కార్మిక సంఘాల వారిని కూడా దృష్టిలో పెట్టుకుని హైదరాబాద్ మహానగర ప్రాంతాన్ని ఉదాహరణగా తీసుకున్నాను. విజయవాడకైనా విశాఖపట్నానికైనా పద్ధతి పెద్దగా మారదు.

హద్దు, బాధ్యత, గడువు

మొట్టమొదట ప్రణాళిక హద్దు ఎక్కడిదాకానో తేల్చుకోవాలి. 2008 చట్టంతో హెచ్‌ఎండీఏ, అంటే హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ ఏర్పడినప్పుడు దాని పరిధి 7 వేల చదరపు కిలోమీటర్లు దాటింది. అప్పటి జీహెచ్‌ఎంసీ (నగర పాలక సంస్థ) విస్తీర్ణం 650 చదరపు కిలోమీటర్లు మాత్రమే. అంటే నగరం అని మనం అనుకునేది ప్రాంతంలో పదకొండో వంతు. మిగతా పది వంతుల్లో ఉన్న గ్రామాల వారికి ఈ ప్రణాళిక తమదేనన్న సంగతి చాలాసార్లు భూసేకరణ నోటీసు వచ్చేదాకా తెలియదు. పరిపాలన హద్దుతో పాటు రాకపోకల హద్దును కూడా మ్యాపు మీద గీయాలి. జనగామ లాంటి ఊళ్ల నుంచి రోజూ రైలెక్కి వచ్చి వెళ్లేవాళ్లు హద్దు బయట ఉన్నా, వాళ్ల ప్రయాణంలో సగం మన ప్రణాళికలోనే ఉంటుంది.

రెండోది, ఎవరి బాధ్యత ఏమిటో రాసుకోవడం. ఒక మనిషి ఇంటి నుంచి పనికి వెళ్లే దారిలో ఫుట్‌పాత్ మున్సిపాలిటీది, రోడ్డు ఆర్ అండ్ బీ శాఖదో జాతీయ రహదారుల సంస్థదో, బస్సు ఆర్టీసీది, ఎంఎంటీఎస్ లోకల్ రైలు దక్షిణ మధ్య రైల్వేది, ఆటో పర్మిట్ రవాణా శాఖది, సిగ్నల్ ట్రాఫిక్ పోలీసులది. వీరందరినీ ఒక బల్ల చుట్టూ కూర్చోబెట్టడానికే ఉమ్టా, అంటే ఏకీకృత మహానగర రవాణా సంస్థ అన్న ఏర్పాటు ఉంది. దానితో పాటు రాజ్యాంగంలోని 243జెడ్‌ఈ అధికరణం, 10 లక్షలు దాటిన జనాభా గల మహానగర ప్రాంతానికి ప్రణాళికా కమిటీ ఉండాలనీ, అందులో కనీసం మూడింట రెండు వంతుల మందిని స్థానిక సంస్థల ప్రతినిధులే తమలో నుంచి ఎన్నుకోవాలనీ చెబుతోంది. దేశంలో చాలా మహానగరాల్లో ఈ కమిటీ కాగితాలకే పరిమితమైంది కాబట్టి, ప్రణాళిక పని మొదలుపెట్టేవాళ్లు మున్సిపల్ చైర్మన్లను, సర్పంచులను మొదటి సమావేశానికే పిలవడం అదనపు మర్యాద కాదు, రాజ్యాంగం ఆశించిన కనీస పద్ధతి.

మూడోది గడువు. 2006 నాటి జాతీయ పట్టణ రవాణా విధానం వాహనాల కదలిక కన్నా మనుషుల కదలిక ముఖ్యమని చెప్పింది. దాన్ని అనుసరించి నగరాలు సమగ్ర మొబిలిటీ ప్రణాళికలు, అంటే అన్ని రకాల రాకపోకలకూ కలిపి వేసే ప్రణాళికలు తయారు చేస్తున్నాయి. 2017 మెట్రో రైలు విధానం తర్వాత ఏ నగరమైనా మెట్రో కోసం కేంద్రాన్ని అడగాలంటే ఇలాంటి ప్రణాళిక తప్పనిసరి. రైలు మార్గాలకూ పెద్ద రోడ్లకూ భూమిని ముందుగా కేటాయించాలి కాబట్టి 20 ఏళ్ల చూపు అవసరం. అయితే 20 ఏళ్ల అంచనా ఐదేళ్లలోనే పాతబడుతుందన్నది కూడా హైదరాబాద్ చెప్పే పాఠమే. గత దశాబ్దం మొదట్లో చేసిన సమగ్ర రవాణా అధ్యయనం 2041ని లక్ష్య సంవత్సరంగా పెట్టుకుంది. ఆ తర్వాత 2017 నవంబరులో మెట్రో వచ్చింది, 2023 డిసెంబరు 9 నుంచి మహిళలకు ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం వచ్చింది, మధ్యలో కొవిడ్ వచ్చి వెళ్లింది. కనుక ఐదేళ్లకోసారి సవరించే తేదీని ప్రణాళిక మొదటి పేజీలోనే అచ్చు వేయాలి.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. మొబిలిటీ ప్రణాళికకు తనకంటూ చట్టబలం లేదు. హెచ్‌ఎండీఏ చట్టం కింద నోటిఫై అయ్యే అభివృద్ధి ప్రణాళికకు ఉంది. హైదరాబాద్‌కు 2031 మహానగర అభివృద్ధి ప్రణాళిక 2013 జనవరిలో నోటిఫై అయింది. రవాణా ప్రణాళికలోని మార్గాలూ బస్ డిపోల స్థలాలూ అభివృద్ధి ప్రణాళికలోకి ఎక్కకపోతే, వెంచర్లు వేసేవారు ఆ స్థలాలను ఖాళీగా ఉంచరు. రెండింటి తేదీలనూ కలపడం ప్రణాళికాధికారి చేయగలిగిన చిన్న పని, పెద్ద మేలు.

సర్వే ఫారం

ఇంటింటి సర్వేలో అడిగే ప్రశ్న సాధారణంగా ఇలా ఉంటుంది: మీరు పనికి ఎక్కడికి వెళ్తారు, దేని మీద వెళ్తారు, ఎంతసేపు పడుతుంది? ఉద్యోగం చేసే మగవాడికి ఈ ప్రశ్న సరిపోతుంది. బోరబండలో ఉంటూ మాదాపూర్ అపార్టుమెంట్లలో ఇంటిపని చేసే ఒక మహిళ రోజును ఊహించి చూద్దాం. ఉదయం ఆరింటికి పక్క వీధిలో ఉన్న తల్లి ఇంటికి నడిచి వెళ్లి చంటిబిడ్డను అప్పజెబుతుంది. అక్కడి నుంచి షేర్ ఆటోలో మొదటి అపార్టుమెంటుకు, అక్కడ పని ముగించుకుని నడుచుకుంటూ రెండోదానికి వెళుతుంది. పదకొండింటికి సిటీ బస్సు ఎక్కి రేషన్ దుకాణం దగ్గర దిగుతుంది, అక్కడి నుంచి సంచితో నడిచి తల్లి ఇంటికి, బిడ్డను చంకనేసుకుని మళ్లీ తన ఇంటికి. సాయంత్రం షేర్ ఆటోలో మళ్లీ అపార్టుమెంటుకు, తిరుగు దారిలో బస్సు దిగి కూరగాయల మార్కెట్‌కు, అక్కడి నుంచి నడిచి ఇంటికి. మొత్తం తొమ్మిది ప్రయాణాలు. అందులో ఐదు నడక, రెండు షేర్ ఆటో, రెండు బస్సు. మామూలు ఫారంలో ఇది ఏమవుతుందంటే, ఇంటి నుంచి పనికి ఒకటి, పని నుంచి ఇంటికి ఒకటి, ప్రధాన వాహనం బస్సు. ఏడు ప్రయాణాలు మాయమయ్యాయి. వాటితో పాటు ఫుట్‌పాత్ అవసరం, పగటిపూట బస్సుల అవసరం, ఆటో అడ్డా అవసరం కూడా మాయమయ్యాయి.

అందువల్ల ప్రశ్నను రోజు మొత్తం మీద అడగాలి. ఫారం పట్టుకుని వెళ్లిన అమ్మాయి "నిన్న పొద్దున గడప దాటిన దగ్గర్నుంచి రాత్రి పడుకునేదాకా ఎక్కడెక్కడికి వెళ్లొచ్చారక్కా?" అని అడిగి, చెప్పింది చెప్పినట్టు వరుసగా రాసుకుంటే చాలు, వాటిని ప్రయాణాలుగా విడదీయడం ఆఫీసులో చేసుకోవచ్చు. ప్రతి ప్రయాణానికీ వెంట ఎవరు ఉన్నారు, ఎంత చెల్లించారు, ఎంతసేపు నిలబడి ఎదురుచూశారు అన్న మూడు గడులు ఉండాలి. ఐదు నిమిషాల నడకను కూడా వదలకూడదు. చివర్లో తప్పకుండా ఒక ప్రశ్న చేర్చాలి: పోయిన నెలలో వెళ్లాలనుకుని కూడా వెళ్లలేకపోయిన చోటు ఏదైనా ఉందా, ఎందుకు వెళ్లలేదు? ఆసుపత్రికి వెళ్లని వృద్ధురాలు, చివరి బస్సు తొమ్మిదింటికే అయిపోతుందని కాలేజీ తర్వాతి కోర్సు మానేసిన అమ్మాయి, వీల్‌చైర్ ఎక్కించలేక ఇంటి దగ్గరే ఉండిపోయిన యువకుడు, వీళ్ల ప్రయాణాలు ఏ ట్రాఫిక్ లెక్కింపులోనూ కనిపించవు. జరగని ప్రయాణాన్ని లెక్కించగలిగేది ఈ ఒక్క ప్రశ్నే.

ఎవరిని అడుగుతున్నామన్నది అంతే ముఖ్యం. జనగణన బ్లాకుల నుంచి ఇళ్లను యాదృచ్ఛికంగా ఎంచుకుంటే శాస్త్రీయంగానే ఉంటుంది కానీ, 2021లో జరగాల్సిన జనగణన వాయిదా పడినందువల్ల 2011 జాబితాల్లో శివారు సగం లేదు. ఇళ్ల జాబితాలో అసలే దొరకనివాళ్లు కూడా ఉంటారు. ఉదయం ఏడింటికి అడ్డా మీద నిలబడే కూలీలు, నిర్మాణ స్థలాల్లో రేకుల షెడ్లలో ఉండే వలస కార్మికులు, ఇటుక బట్టీల్లో పనిచేసే ఒడిశా కుటుంబాలు, అమీర్‌పేట హాస్టళ్లలో ఉండే యువత. వీరి కోసం విడిగా నమూనా తీయాలి, ఎక్కువ మందిని అడిగి, తర్వాత మొత్తం లెక్కలో వారి వాటాను జనాభాకు తగ్గట్టు సరిచేయాలి. ఫారాలు తెలుగు, ఉర్దూలలో ఉండాలి. నిర్మాణ స్థలాలకు హిందీ, ఒడియా తెలిసినవాళ్లను పంపాలి. సర్వేకు వెళ్లేవారిలో సగం మంది మహిళలు కావాలి, వేళ సాయంత్రం ఏడు తర్వాతో ఆదివారమో కావాలి. మధ్యాహ్నం రెండింటికి తలుపు తీసే ఇల్లు ఏ తరగతిదో సర్వే సంస్థలకు బాగా తెలుసు, అయినా రోజు లెక్క పూర్తవుతుందని ఆ వేళకే వెళ్తుంటాయి. కాంట్రాక్టులో వేళను షరతుగా రాయడం తప్ప దీనికి మరో మందు లేదు.

మహిళలకు ఉచిత ప్రయాణమిచ్చే మహాలక్ష్మి పథకం వచ్చాక పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో కండక్టర్ ఉచితంగా వెళ్లే ప్రతి మహిళకూ జీరో టికెట్ కొడుతున్నాడు. ఏ స్టేజీలో ఎక్కారో, ఏ స్టేజీకి వెళ్తున్నారో, ఏ వేళకో ఆ టికెట్ మిషన్‌లో నమోదవుతుంది. ఇంత పెద్ద ఎత్తున మహిళల ప్రయాణ సమాచారం గతంలో మన దగ్గర లేదు. వ్యక్తుల వివరాలు తీసేసి స్టేజీల వారీ మొత్తాలను ప్రణాళిక బృందానికి ఇవ్వమని ఆర్టీసీని అడగాలి. ఒక హెచ్చరిక మాత్రం ఉంది. ఈ లెక్కలో బస్సు ఎక్కినవాళ్లే ఉంటారు. కిక్కిరిసి ఆగకుండా వెళ్లిపోయిన బస్సు కోసం స్టాపులో నిలబడి, చివరికి ఆటో ఎక్కిన మహిళ ఉండదు. అందుకే ఎంచుకున్న స్టాపుల్లో ఉదయమూ సాయంత్రమూ మనిషిని నిలబెట్టి, ఎక్కలేక మిగిలిపోయినవారిని లెక్కించాలి.

న్యాయాన్ని కొలిచే లెక్క

ప్రణాళికల్లో సాధారణంగా కనిపించే కొలత, ఏ కూడలిలో ఎన్ని నిమిషాలు ఆదా అవుతాయన్నది. అందులో లోపం ఒకటుంది: ఆదా అయిన నిమిషానికి రూపాయల్లో విలువ కట్టేటప్పుడు సంపాదన ఎక్కువ ఉన్నవాడి నిమిషం ఎక్కువ పలుకుతుంది. ఫ్లైఓవర్ మీద కారులో వెళ్లేవాడికి మిగిలే మూడు నిమిషాలు, కూలీకి మిగిలే పది నిమిషాల కన్నా లాభసాటిగా తేలే ప్రమాదం ఉంది. అందరి నిమిషానికీ ఒకే విలువ వేసి లెక్కను మరోసారి కట్టి, రెండు ఫలితాలనూ పక్కపక్కన చూపించమని కన్సల్టెంటును కోరాలి. రెండు లెక్కల్లో ప్రాజెక్టుల వరుస మారితే, ఆ మార్పే చర్చకు అసలు విషయం.

దానికన్నా జనానికి సులువుగా అర్థమయ్యే కొలత అందుబాటు. సొంత వాహనం లేని మనిషి ఇంటి గుమ్మం నుంచి బయల్దేరి, నడకా ఎదురుచూపూ కలుపుకుని గంటలోపు ఎన్ని ఉద్యోగాలున్న చోట్లకు, ఏ ప్రభుత్వాసుపత్రికి, ఏ జూనియర్ కాలేజీకి చేరగలడు? ఇదే లెక్కను కారున్న మనిషికీ వేసి, రెండింటి తేడాను వార్డుల వారీగా మ్యాపు మీద రంగులతో చూపాలి. నగర శివారులోని కొల్లూరులో ప్రభుత్వం కట్టిన 15,660 డబుల్ బెడ్‌రూమ్ ఇళ్లను 2023 జూన్‌లో ప్రారంభించారు. నగరం నడిబొడ్డు బస్తీల్లో, పనికి నడిచి వెళ్లే దూరంలో ఉన్న కుటుంబానికి అక్కడ ఇల్లు వస్తే, పక్కా ఇల్లు దక్కుతుంది కానీ పని దూరమవుతుంది. అలాంటి చోటును అందుబాటు మ్యాపు వెంటనే పట్టిస్తుంది. ట్రాఫిక్ జామ్ మ్యాపు పట్టించదు, ఎందుకంటే బస్సు లేని చోట జామ్ కూడా ఉండదు. ఇళ్లు కట్టే శాఖ, బస్సు నడిపే సంస్థ వేర్వేరు పట్టికలు పెట్టుకుంటే ఇలాంటివి మళ్లీ మళ్లీ జరుగుతాయి కాబట్టి, ప్రణాళికలో ప్రతి పెద్ద గృహ సముదాయానికీ గృహప్రవేశం రోజుకు ఎన్ని బస్సులు, ఏ వేళల్లో అన్న పట్టిక జతచేయాలని నా గట్టి అభిప్రాయం.

ఖర్చు భారం లెక్క ఇంకా తేలిక. ఊహకు, నెలకు 14,000 రూపాయలు తెచ్చే మనిషి రెండు షేర్ ఆటోలు మారి రోజుకు రానూపోనూ 80 రూపాయలు పెడితే, 26 రోజులకు 2,080 రూపాయలు అవుతుంది. సంపాదనలో దాదాపు ఏడో వంతు దారిలోనే పోయినట్టు. ప్రతి వార్డులో అతి తక్కువ ఆదాయమున్న ఐదో వంతు కుటుంబాలకు ఈ శాతం ఎంతో ప్రణాళిక చెప్పాలి, 20 ఏళ్లలో దాన్ని ఎంతకు తగ్గిస్తామో కూడా చెప్పాలి.

ఎవరికి ముందు అన్న ప్రశ్నను కూడా దాచకూడదు. మెట్రో మొదటి దశలో మూడు మార్గాలు కలిపి 69 కిలోమీటర్లు పూర్తయ్యాయి. పాతబస్తీ మీదుగా ఫలక్‌నుమాకు వెళ్లాల్సిన భాగం మహాత్మాగాంధీ బస్ స్టేషన్ దగ్గరే ఆగిపోయింది. ఆస్తుల సేకరణ, మార్గం మీద అభ్యంతరాలు, ఖర్చు, కారణాలు ఎన్నైనా ఉండొచ్చు. కానీ ఒక మార్గం ఆగినప్పుడు ఆ ప్రాంతం వారికి ఈలోపు ఏ ప్రత్యామ్నాయం ఇస్తామన్నది ప్రణాళికలో రాసి ఉంటే, ఆలస్యం భారమంతా ఒకే ప్రాంతం మీద పడేది కాదు.

జనంతో మాట్లాడే వేళ, చోటు

కొన్నేళ్ల కిందట నేనొక ప్రజాభిప్రాయ సేకరణకు వెళ్లాను. బుధవారం ఉదయం పదకొండు గంటలు, ఏసీ హాలు, వేదిక మీద పూలకుండీలు, తెర మీద ఇంగ్లిషు స్లైడ్లు. ముందు వరుసల్లో అధికారులు, వెనక ఇద్దరు ముగ్గురు విశ్రాంత ఇంజినీర్లు, కాలనీ సంఘాల అధ్యక్షులు. మూడు గంటల్లో బస్సు అన్న మాట నాలుగైదు సార్లకు మించి వినపడలేదు. బయట గేటు దగ్గర టీ అమ్మే అతను, లోపల ఏం మాట్లాడుతున్నారని నన్ను అడిగాడు. రోడ్డు వెడల్పు చేయడం గురించి అని చెబితే, తన బండి ఉంటుందా పోతుందా అన్నాడు. వేదిక మీద ఎవరూ ఎత్తని ప్రశ్న అది. వీధి వ్యాపారుల చట్టం 2014 నుంచి ఉంది కాబట్టి దానికి జవాబు ఉండి తీరాలి కూడా.

సమావేశాన్ని జనం ఉన్నచోటుకు తీసుకెళ్లడమే దీనికి విరుగుడు. బస్ స్టేషన్‌లో సాయంత్రం ఆరింటి నుంచి తొమ్మిది దాకా ఒక బల్ల, సంతరోజున సంతలో ఒక బల్ల, అడ్డా మీద ఉదయం ఏడింటికి ఒక గంట, మహిళా సంఘాల నెలవారీ సమావేశంలో అరగంట. మ్యాపు పెద్దది కావాలి, దాని మీద సర్వే నంబర్ల బదులు గుడి, మసీదు, చర్చి, టాకీసు, పాత పోస్టాఫీసు, పెద్ద మర్రిచెట్టు ఉండాలి. ఉత్తరం ఎటో మనవాళ్లు అడగరు. ఆ చెట్టు దగ్గర నుంచి ఎంత దూరమో అడుగుతారు.

ఒకే సమావేశంతో పని అయిపోదు, మూడు విడతలు కావాలి. మొదటి విడతలో ప్రాజెక్టుల ఊసు ఎత్తకుండా, ఇబ్బందులే అడగాలి. ఈ దశలో రోడ్డు గీతను చూపిస్తే మిగతా మాటలన్నీ ఆ గీత చుట్టూనే తిరుగుతాయి. రెండో విడతలో డబ్బుకు పరిమితి ఉందని చెప్పి ఎంచుకోమనాలి. ఇందుకు పనికొచ్చే సులువైన పద్ధతి చింతగింజలు. ప్రతి ఒక్కరికీ ఇరవై గింజలిచ్చి, ఫుట్‌పాత్‌లు, ఎక్కువ బస్సులు, మెట్రో పొడిగింపు, ఫ్లైఓవర్, రాత్రి బస్సులు, స్టాపుల్లో నీడా లైట్లూ అని రాసిన పళ్లేల్లో వేయమనాలి. అయితే ఒక్కో పళ్లెం మీద రాసిన పనికి ఎన్ని గింజలు పడతాయో అసలు ఖర్చు నిష్పత్తిలో ముందే చెప్పాలి. ఒక ఫ్లైఓవర్‌కు పద్దెనిమిది గింజలైతే, మిగిలిన రెండిటితో ఏం చేయాలా అని మనిషి ఆగి ఆలోచిస్తాడు. మహిళల బల్ల, పురుషుల బల్ల విడిగా పెట్టి ఫలితాలను విడిగా నమోదు చేస్తే, తేడా ఎక్కడుందో తెలుస్తుంది. మూడో విడత ముసాయిదా వచ్చాక. దానికి కనీసం 45 రోజుల గడువు ఇవ్వాలి. మొత్తం నివేదికతో పాటు ఒక్కో మండలానికీ నాలుగు పేజీల తెలుగు, ఉర్దూ సారాంశం అచ్చు వేసి వార్డు కార్యాలయాల్లో, పంచాయతీల్లో, బస్సుల్లో పెట్టాలి.

దివ్యాంగులను విడిగా పిలిచి మాట్లాడటం కన్నా, వారితో కలిసి ఒక స్టాపు నుంచి ఇంకో స్టాపుకు నడవడం ఎక్కువ నేర్పుతుంది. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం రవాణా అందుబాటును హక్కుగా చెప్పింది. ఫుట్‌పాత్ మధ్యలో ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె ఎదురైనప్పుడు వీల్‌చైర్ ఎలా రోడ్డు మీదికి దిగాల్సి వస్తుందో కళ్లారా చూసిన ఇంజినీరుకు ఆ చట్టం మళ్లీ వివరించనక్కర్లేదు.

జవాబుల రిజిస్టరు

జనం ఒకసారి మాట్లాడి, ఆ మాట ఏమైందో తెలియకపోతే రెండోసారి రారు. అమెరికాలో తెలుగువారు పెద్ద సంఖ్యలో ఉన్న డాలస్-ఫోర్ట్‌వర్త్ లాంటి మహానగర ప్రాంతాల్లో, ఫెడరల్ నిబంధనల ప్రకారం కనీసం 20 ఏళ్ల రవాణా ప్రణాళికను వచ్చే ఆదాయానికి లోబడి తయారు చేయాలి, ముసాయిదా మీద చెప్పుకోదగ్గ అభిప్రాయాలు వస్తే వాటి సారాంశాన్నీ, వాటిని ఏం చేశారన్న వివరాన్నీ తుది ప్రణాళికలో భాగంగా అచ్చు వేయాలి. అక్కడ కార్లదే రాజ్యం, ఇక్కడి నుంచి పిల్లలను చూడటానికి వెళ్లిన అమ్మానాన్నలకు అక్కడ బస్సు లేక ఇల్లు కదలడం కష్టమన్నది వేరే సంగతి. ఈ ఒక్క నిబంధన మాత్రం మనం తెచ్చుకోదగ్గది.

రిజిస్టరులో ఐదు గడులు చాలు: క్రమసంఖ్య, ఎక్కడ ఏ తేదీన వచ్చింది, చెప్పినవారి మాటల్లోనే విషయం, ఒప్పుకున్నామా లేదా, ఎందుకు. పేర్లూ ఫోన్ నంబర్లూ బయటపెట్టకూడదు. చివరి గడిలో "పరిశీలిస్తాం" అన్న మాటను నిషేధించాలి. ఆ ఒక్క మాట మన ఆఫీసుల్లో ఎన్ని అర్జీలను సమాధి చేసిందో లెక్కలేదు. "ఈ స్టాపును వంద మీటర్లు ముందుకు జరుపుతున్నాం, ముసాయిదాలో ఫలానా పేజీ మార్చాం" అనో, "ఈ మార్గంలో రాత్రి బస్సు ఇప్పుడు వేయలేం, ఎందుకంటే డిపోలో ఆ వేళకు సిబ్బంది లేరు, రెండో ఏడాది నియామకాల తర్వాత మళ్లీ చూస్తాం" అనో రాయాలి. కాదన్న జవాబు కూడా కారణంతో వస్తే జనం భరిస్తారు. మొదటి రెండు విడతల రిజిస్టరును మూడో విడత సమావేశంలో బల్ల మీదే ఉంచి, వచ్చినవారికి తమ మాట వెతుక్కునే వీలివ్వాలి.

డబ్బు, భూమి

ప్రణాళికలో ఉన్న అన్ని పనులకూ డబ్బు వస్తుందనుకోవడం పెద్ద అన్యాయానికి మూలం, ఎందుకంటే డబ్బు తగ్గినప్పుడు మొదట కోతపడేది ఫుట్‌పాత్‌లకూ బస్సులకూ. వచ్చే ఐదేళ్లకు నిజంగా రాగల డబ్బును, ఆ తర్వాతి పదిహేనేళ్ల ఆశను రెండు వేర్వేరు జాబితాలుగా పెట్టాలి. బస్సు కొనడానికి అయ్యే ఖర్చుతో పాటు డ్రైవర్, కండక్టర్, డీజిల్ లేదా కరెంటు, మరమ్మతుల ఖర్చును కూడా ప్రతి ఏడాదికీ రాయాలి. ప్రారంభోత్సవానికి దండలు దొరుకుతాయి, పదో ఏడాది టైర్లకే డబ్బు దొరకదు.

భూసేకరణ అవసరమైన చోట 2013 చట్టం ప్రకారం, కొన్ని మినహాయింపులతో, సామాజిక ప్రభావ అంచనా, బహిరంగ విచారణ ఉంటాయి. ఏ చట్టం కింద సేకరించినా, ప్రాంతీయ రింగ్ రోడ్డు లాంటి వందల కిలోమీటర్ల మార్గాల్లో విచారణ అన్నది రైతుకు ఆఖరి దశ. అప్పటికి గీత ఖరారై ఉంటుంది. కాబట్టి రెండు మూడు ప్రత్యామ్నాయ గీతలు ఇంకా చర్చలో ఉన్నప్పుడే ఆయా గ్రామసభలకు వెళ్లాలి. సొంత భూమి లేని కౌలు రైతునూ కూలీనీ కూడా నష్టపోయేవారి లెక్కలో చేర్చాలి.

ముసాయిదా చేతికొచ్చినవారు చేయవలసింది

కాలనీ సంఘమో బస్తీ సంఘమో అయితే, నివేదిక మొత్తం చదవడానికి కూర్చోవద్దు. ముందు మీ వార్డు ఏ పట్టికలో ఉందో వెతకండి. తర్వాత ఐదేళ్ల జాబితాలో మీ ప్రాంతానికి ఏముందో, దానికి ఎంత డబ్బు చూపారో చూడండి. సర్వేలో మీ ప్రాంతం నుంచి ఎన్ని ఇళ్లను అడిగారో అనుబంధంలో లేకపోతే, సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి కాబట్టి, ముసాయిదా వచ్చిన మొదటి వారంలోనే పెడితే గడువు ముగిసేలోపు చేతికొస్తుంది.

అభ్యంతరం రాసేటప్పుడు ఒక కాగితంలో ఒకే విషయం రాయండి. మా ప్రాంతానికి అన్యాయం జరిగింది అన్న వాక్యానికి అధికారి జవాబు రాయలేడు. "ఫలానా స్టాపులో సోమవారం నుంచి శుక్రవారం దాకా ఉదయం ఏడున్నర నుంచి తొమ్మిది వరకు మేం నిలబడి లెక్కించాం, వచ్చిన బస్సులు ఇన్ని, ఆగకుండా వెళ్లినవి ఇన్ని, ఎక్కలేక మిగిలినవారు ఇంతమంది, ముసాయిదాలో ఈ మార్గానికి అదనపు బస్సులు ఎందుకు లేవు?" అన్న కాగితాన్ని పక్కన పెట్టడం కష్టం. ఈ లెక్కకు ఒక నోటుపుస్తకం, ఇద్దరు ఇంటర్ పిల్లలు, ఐదు ఉదయాలు సరిపోతాయి. ఇచ్చిన ప్రతి కాగితానికీ రసీదు తీసుకుని, రసీదు నంబరును సంఘం పుస్తకంలో రాసిపెట్టుకోండి.

ప్రణాళిక ఆమోదం పొందాక అధికారులు చేయవలసిన పని ఒకటి ఉంటుంది. అందుబాటు, ఖర్చు భారం, ఎక్కలేక మిగిలినవారి సంఖ్య అన్న మూడు లెక్కలనూ వార్డుల వారీగా ఏటా ఒకే నెలలో మళ్లీ తీసి, వార్డు కార్యాలయం గోడ మీద అంటించాలి. ఐదో ఏడాది సవరణ మొదలైన రోజున కొత్త కన్సల్టెంటుకు ముందుగా ఇవ్వవలసినవి ఆ ఐదు కాగితాలూ, పాత రిజిస్టరులో "తర్వాత చూస్తాం" అని తేదీ వేసి రాసిన పేజీలూ.